రెండో చెయ్యి

గుండె జబ్బుతో ఏళ్ల తరబడి మంచం పట్టిన పెద్దాయనకు ఆ రాత్రి కొత్త బీపీ మిషన్ పెట్టింది నర్సు. గతి తప్పి కొట్టుకునే గుండెకు కూడా ఇది లెక్క సరిగ్గా చెబుతుందని ఆమెకు సంబరంగా ఉంది. పట్టీ మెత్తగా బిగిసి వదులైంది. ఆమె మిషన్ ఆపేసింది.

“నొప్పెట్టిందా తాతా?”

“ఈ చెయ్యి హాయిగానే ఉందమ్మా. ఆ రెండోదానికే మరీ గట్టిగా బిగించావు.”

“దానికి నేనేమీ కట్టలేదే!”

నవ్వుతూ దుప్పటి తీసింది. ఆ చేతికి ఏ పట్టీ లేదు. కానీ మోచేతి పైన చర్మం పట్టీ వెడల్పున లోపలికి నొక్కుకుపోయి ఉంది. వేళ్లు నీలంగా మారుతున్నాయి. ఆమె కంగారుగా ఆ చోటంతా రుద్దింది. నొక్కు మెల్లగా పైకి లేచింది.

“హమ్మయ్య, వదిలేసిందమ్మా,” అన్నాడు పెద్దాయన.

నర్సు ఆపేసిన మిషన్ వైపు చూసింది. నిశ్శబ్దంలో ఎక్కడో గాలి నిండుతున్న చప్పుడు. ఆమె జబ్బ చుట్టూ ఏదో మెత్తగా బిగుస్తోంది.