ఖాళీ బాబాయ్

అంబులెన్సులు పంపే సర్వర్ ఆ వారంలో మూడోసారి కుప్పకూలింది.

"అడ్రసు చెప్తుండగానే స్క్రీన్ పోయింది! ఫోన్ చేసినావిడ భర్తకి గుండెపోటట!" ఆపరేటర్ కేకేసింది.

సర్వర్‌ని మళ్ళీ లేపేసరికి ఆరు నిమిషాలు పట్టింది. ఆయన్ని ఆస్పత్రికి చేర్చారు కానీ స్పృహ రాలేదు.

మేనేజర్ కొత్త ప్రోగ్రామరమ్మాయి మీద విరుచుకుపడ్డాడు.

"ఏం కెలికావ్?"

"ఏమీ ముట్టుకోలేదు సార్."

"ఆరేళ్ళుగా రాని రోగం నువ్వొచ్చిన పది రోజులకే ఎందుకొచ్చింది? సాయంత్రంలోగా తేల్చు. లేదా రేపట్నించి రాకు."

ఆమెకు బుర్ర పనిచేయలేదు. ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీనంతా పని కాగానే వదిలేస్తోంది. సిస్టమేమో మెమరీ నిండిపోయిందని మొత్తుకుంటోంది. రెండూ నిజమెలా అవుతాయి?

అప్పుడు మూల సీటాయన గుర్తొచ్చాడు. అందరూ ఖాళీ బాబాయ్ అనేవారు. పనీపాటా లేదని, ఆమె చేరిన రోజే ఆయన్ని సాగనంపారు. వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

"ఇల్లు ఖాళీ చేస్తే సరిపోదమ్మా. తాళాలు ఓనరుకి చేరాయో లేదో చూస్తుండు."

చాదస్తం అనుకుని తలూపింది.

ఇప్పుడు గబగబా వెతికింది. ప్రోగ్రామ్‌కీ సిస్టమ్‌కీ నడుమ మెమరీ పంచిపెట్టే అలొకేటర్ ఉంది. ప్రోగ్రామ్ వదిలేసిన మెమరీని, మళ్ళీ అవసరం పడుతుందేమోనని అది తన దగ్గరే అట్టిపెట్టుకుంటోంది.

"దొరికింది సార్! మెమరీ ఖాళీ అవుతోంది, సిస్టమ్‌కి తిరిగి వెళ్ళడం లేదు. నడుమనున్నది తాళాలు జేబులో వేసుకుని కూర్చుంది."

తిరిగిచ్చెయ్యమని ఒక ఆదేశం ఇచ్చింది. స్క్రీన్ మీద మెమరీ వాడకం చూపే గీత జర్రున కిందకి దిగింది.

మేనేజర్ ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మొహం చిట్లించాడు.

"మరి ఆరేళ్ళూ సర్వర్ ఎందుకు ఆగలేదు?"

ఇద్దరూ సర్వర్ పాత రికార్డు తెరిచారు. ఇప్పుడామె ఇచ్చిన ఆదేశమే ఆరేళ్ళుగా రోజుకోసారి కనిపించింది. సెలవుల్లోనూ, ఆదివారాల్లోనూ. పది రోజుల క్రితం ఆగిపోయింది.

"ఎవరిచ్చారు? నేనెవరికీ ఈ పని చెప్పలేదే!"

ఆమె వేలు పెట్టి చూపించింది.

ప్రతి వరుసకీ ముందు మూల సీటు కంప్యూటర్ నంబరే ఉంది.