తలుపు పాట

సిప్రియన్ పాడుతూ పాడుతూ ఆగిపోయాడు.

గోడవార కూర్చున్న ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వుతోంది," అన్నాడు.

"దగ్గొచ్చిందేమో అన్నా," అంది మెర్ల్, పాటకు వాయిస్తున్న గిలక్కాయలు దించుతూ.

"నేను తలుపు పాట ఎత్తుకున్నప్పుడే వస్తుందా దగ్గు?"

"స్పానిష్ మనిషి ముందు స్పానిష్ పాట పాడుతున్నావు. దగ్గుతో వదిలిపెట్టింది, సంతోషించు," అన్నాడు ఆల్‌స్టన్.

అందరూ నవ్వారు. సిప్రియన్ నవ్వలేదు.

ముప్పై ఏళ్ళుగా అతను స్పానిష్‌లో పాడుతున్నాడు. స్పానిష్‌లో మంచినీళ్ళు అడగడం మాత్రం రాదు. ఇంట్లో మాట్లాడేది పాత్వా యాస, బజార్లో ఇంగ్లీషు. క్రిస్మస్ నెలలో పారామిన్ కొండ మీద ఇంటింటికీ తిరిగి పాడే ఆ పాటలన్నీ, అందరూ పపా అని పిలిచే యూసేబియో నోట విని, అర్థం తెలియకుండానే, ఒక్క అక్షరం జారిపోకుండా పట్టుకున్నవి.

పపా వెనిజులా నుంచి పడవలో ఈ దీవికి వచ్చి ఈ కొండ మీదే ఉండిపోయిన మనిషి. పోయి ఎనిమిదేళ్ళయింది. పోతూ తన నాలుగు తీగల క్వాత్రోని సిప్రియన్ చేతిలో పెట్టాడు. దాంతోపాటు, ప్రతి ఇంటి గుమ్మం ముందూ మొదట నిలబడే చోటు.

ఇప్పుడు ఆ చోటు గురించే భయం.

కిందటేడు క్రిస్మస్ పాటల పోటీలో ఉచ్చారణ బాగాలేదని మార్కులు కోశారు. అందుకని మెర్ల్ తన తోటలో వాము ఆకు కట్టలు కట్టే వెనిజులా ఆవిడని సాధనకు తీసుకొచ్చింది. అందరూ ఆమెను చేలా అంటారు.

నెల తిరక్కుండానే ఆల్‌స్టన్ స్పానిష్‌లో పది దాకా లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. చేపల బండి దగ్గర కూడా అలాగే లెక్కపెడుతున్నాడు. మెర్ల్ పలకరింపులు నేర్చుకుంది. చేలా వాళ్ళని ఇంగ్లీషు మాటలు అడిగి పిల్లల నోటుపుస్తకంలో రాసుకుంటోంది.

సిప్రియన్ ఆమెను ఏమీ అడగలేదు.

డిసెంబరు మొదటి ఆదివారం బొయిసెల్ వాళ్ళింటి ముందు తలుపు పాట పాడారు. అది పపా సొంతంగా కట్టింది. 'గ్రాసియేలా' అని మొదలవుతుంది. అది మరియమ్మకున్న పేర్లలో ఒకటని అందరి నమ్మకం. పాట వింటూనే తలుపు తీసిన బొయిసెల్, సిప్రియన్ భుజం మీంచి వెనకున్న చేలా వైపు చూశాడు.

"మావాడు సరిగ్గానే పాడుతున్నాడా తల్లీ?"

"చాలా బాగా," అంది చేలా. "మాయెస్త్రో."

మాయెస్త్రో అంటే గురువట. ఆ వెక్కిరింపు సిప్రియన్‌కి అర్థమైంది. ఆ ఇంట్లో పెట్టినదేదీ నోటికి రుచించలేదు.

మర్నాటి సాయంత్రం సాధన అయ్యాక ఆమే దగ్గరికొచ్చింది.

"మాయెస్త్రో. తలుపు పాట నేర్పినాయన... అది పాడేటప్పుడు ఎలా ఉండేవాడు?"

"కళ్ళు మూసుకునేవాడు. ఏం, ఇప్పుడు ఆయన్ని కూడా దిద్దుతావా?"

ఆమె చేతులవైపు చూసుకుంది. నోటుపుస్తకంలోంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది.

"ఇంగ్లీషు. నేనే రాశాను. నువ్వు చదువు. ఒక్కడివే."

తప్పుల జాబితా. చూడకుండానే తెలిసింది. క్వాత్రో సంచిలో, తీగలు పెట్టుకునే అరలోకి తోసేశాడు.

ఆమె ఇంకా నిలబడే ఉంది.

"ముగ్గురు రాజుల పండుగ రోజు... ఆయన ఇంటి ముందు పాడతారంట. నేను వస్తాను?"

"అది మా ఇంటి సంగతి. బయటివాళ్ళు రారు."

"బయటివాళ్ళు," అంది ఆమె మెల్లగా, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు.

ఆ తరవాత సాధనకు రాలేదు. పోటీలో రెండో స్థానం వచ్చింది. ముందు నిలబడింది సిప్రియనే. అది చాలనుకున్నాడు.

జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగ మధ్యాహ్నం అలవాటు ప్రకారం పపా ఇంటికి వెళ్ళారు. ఏటా మోకాలెత్తు ఆకుల్లో నిలబడి పాడేవాళ్ళు. ఈసారి మెట్లు శుభ్రంగా ఉన్నాయి. తాళం వేసిన గడియకు ఒక వాము ఆకు కట్ట వేలాడుతోంది.

"ఎవరు ఊడ్చారు?"

"చేలా," అంది మెర్ల్. "సోమవారం వాళ్ళ ఊరికి పడవెక్కేసింది. అంతకు ముందురోజంతా ఇక్కడే ఉంది."

"ఆమెకేం పని ఇక్కడ?"

"నేను అడగలేదన్నా. నువ్వు అడిగావా?"

సిప్రియన్ పాట ఎత్తుకున్నాడు. రెండో వరుసలోనే తీగ తెగింది.

కొత్త తీగ కోసం సంచిలో వెతికితే చేతికి కాగితం తగిలింది.

"చూద్దాం, ఎన్ని తప్పులు పట్టిందో మహాతల్లి," అని మడత విప్పాడు.

వంకర ఇంగ్లీషు అక్షరాలు. కొట్టివేతలు. మళ్ళీ దిద్దుకున్న మాటలు. మొత్తం కలిపి నాలుగే వరుసలు. తలుపు పాటకు అర్థం.

గ్రాసియేలా, తలుపు తియ్యి.
నువ్వు నిద్రపోతుండగా పడవెక్కినవాణ్ణి నేను.
ఏ గుమ్మం ముందు పాడినా నీ తలుపే తడుతున్నాను.
బిడ్డా, మీ నాన్నను లోపలికి రానివ్వు.

"తీగ దొరికిందా అన్నా?" వెనక నుంచి ఆల్‌స్టన్ అడిగాడు.

సిప్రియన్ ఇంకా చదువుతూనే ఉన్నాడు.

కాగితం అడుగున, ఇన్నాళ్ళూ తమచేత చేలా అని పిలిపించుకున్న మనిషి, తన అసలు పేరు రాసి ఉంచింది: గ్రాసియేలా.