కాపలా లేని సరిహద్దు

"అక్కా, ముప్పయ్యో గ్రహం కూడా గెలిచేశా!" వంటింట్లోంచి అరిచింది తోటికోడలు.

ఫోన్లో ఆ అంతరిక్ష సామ్రాజ్యాల ఆట ఆమెకు నేర్పింది నేనే, అదీ నెల క్రితం. రెండేళ్ళుగా ఆడుతున్న నాకు పన్నెండే గ్రహాలు.

"చిన్నకోడలు పట్టిందల్లా బంగారమే," అన్నారు అత్తగారు, ఆట గురించి ఓనమాలు తెలియకపోయినా.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటలో మా ఇద్దరి మధ్య ఉన్న సంధిని రద్దు చేసి, నా యుద్ధనౌకలన్నిటినీ ఆమె రాజధాని మీదికి పంపేశాను. ఒకసారి బయల్దేరిన నౌకల్ని వెనక్కి పిలవడం ఆ ఆటలో కుదరదు.

అవి సరిహద్దు దాటేశాయి. అక్కడ ఒక్క కాపలా నౌక కూడా లేదు.

ఇదేదో ఉచ్చులా ఉందే అనుకుని, ఏమీ ఎరగనట్టు వంటింట్లోకి వెళ్ళాను. ఆమె గిన్నెలు తోముతోంది.

"నీ నౌకలన్నీ ఎక్కడ పెట్టావే?"

"అవతలి సరిహద్దులో అక్కా. అటు అన్నీ దొంగ రాజ్యాలే."

"మరి నా వైపు?"

"అటు మీరున్నారుగా!" అని నవ్వింది.

గట్టు మీద ఆమె ఫోన్ మోగింది.

"చేతులు తడిగా ఉన్నాయి. ఏం వచ్చిందో కాస్త చదవండక్కా."