కంప్యూటరు మీద అక్షింతలు

గదిలోంచి వచ్చే రొద ఉన్నట్టుండి గరగరగా మారింది. పొయ్యి దగ్గర సంగటి గెలుకుతున్న నందిని చెయ్యి ఆగిపోయింది.

“ఏమే, ఆ పెట్టి ఏందట్ల అరస్తా ఉండాది?” అంది వసారాలో చింతపండు గింజలు తీస్తున్న అత్త రాఘవమ్మ. “పేలిపోతాదేమో! నా కొడుకు లోపలుండాడు, సూడు పో.”

“ఏం కాదులే అత్తా. పాతదైంది గదా, కాకకి దాని ఫ్యాను అట్నే మొత్తుకుంటాది.”

పైకి అలా అన్నదే గానీ నందినికి పై ప్రాణాలు పైనే పోయాయి. తిరుపతిలో ఈ అద్దె ఇల్లు, పొయ్యి మీద సంగటి, అత్త మోకాళ్ళ మాత్రలు, అన్నీ ఆ పెట్టె పుణ్యమే. ఆమె భర్త యోగానంద చెన్నైలో ఒక కంపెనీకి ఇంట్లోనే కూర్చుని టైపింగు చేసి, ఫ్లాపీల్లో పెట్టి పంపుతాడు. పొద్దున టిఫిను తిని గదిలోకి పోయి తలుపేసుకున్నాడంటే మళ్ళీ అన్నానికే రావడం. అందాకా ఫ్యాను రొద, ఆ రొద కింద మీటల టకటక.

ఈ గరగర ఎందుకొచ్చిందో ఇంట్లో నందిని ఒక్కదానికే తెలుసు. మొన్న ఆయుధపూజ నాడు వీధిలో అందరూ స్కూటర్లకు నిమ్మకాయలు కట్టి, కుట్టుమిషన్లకు బొట్లు పెడుతుంటే, కొంప నిలబెట్టే పెట్టెకు పూజ చెయ్యకపోతే ఎలా అనుకుంది. ముట్టుకోవద్దని యోగానంద ఎన్నిసార్లు చెప్పినా వినకుండా, అతను స్నానానికి వెళ్ళగానే గదిలో దూరింది. గంధం పూసి, కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, గుప్పెడు అక్షింతలు చల్లింది. దేవుడికైతే పాదాల మీద పడి ఆగుతాయి గానీ, కంప్యూటరుకు వెనక జాలీ ఉంటుందని ఎవరికి గుర్తుంటుంది? గింజలు కొన్ని లోపలికి జారాయి. బొట్లయితే హడావిడిగా తుడిచేసింది. గింజలు మాత్రం ఎంత తట్టినా బయటికి రాలేదు.

యోగానంద తలుపు తీసుకుని వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

“ఏమండీ, ఆ సప్పుడు...”

“కాక! లోపల నిప్పుల గుండం మాదిరి ఉండాది.”

“బజారులో రిపేరు అంగడి జయరావును పిలిపిద్దామా?”

నీళ్ళ చెంబు ఎత్తినవాడు తాగకుండానే కింద పెట్టేశాడు. “వద్దు. వాడు తెరిచినాడంటే ఉండేది గూడా పోతాది. నువ్వుగానీ అమ్మగానీ దాని జోలికి పోవద్దు. షాక్ కొడతాది.”

“అది ఆగిపోతే ఎట్లండీ?”

“ఆగిపోతే మన గతేందో నీకు తెలీదా?” అన్నాడు. కసురుతున్నాడేమో అనుకుంటే గొంతు వణికింది.

పెళ్ళయినప్పటినుంచీ ఆ గొంతు వణకడం ఆమె వినలేదు. కంపెనీ నుంచి రావాల్సిన జీతం కూడా ఈసారి ఇంకా రాలేదు. పని సరిగ్గా సాగక వాళ్ళు ఆపేశారేమో, అంతా తన గింజల వల్లేనేమో అని నందిని ముద్ద మింగలేకపోయింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుంది.

మర్నాడు యోగానంద, “ఆఫీసులో మాట్లాడేసి వస్తా,” అని చెన్నై బస్సెక్కాడు. అతను వీధి మలుపు తిరిగాడో లేదో, నందిని చెప్పులేసుకుని పరుగున వెళ్ళి జయరావును వెంటబెట్టుకుని వచ్చింది.

జయరావు స్విచ్చు వేశాడు. గరగర మొదలైంది గానీ తెర నల్లగానే ఉండిపోయింది.

“అయిపోయిందా అప్పా?” నందిని పెట్టె మీదికి వంగింది.

“ఉండక్కా, తెరిస్తే గదా తెలిసేది.” ప్లగ్గు పీకి పెట్టెను వెనక్కి తిప్పాడు. “ఇదేంది, స్క్రూలన్నీ వదులుగా ఉండాయి? ఎవురన్నా విప్పినారా?”

“ఈడ ఎవురూ విప్పలేదప్పా. తప్పంతా నాది.” ఇక ఆపుకోలేక పూజ సంగతంతా వెళ్ళగక్కింది.

గడపలో నిలబడ్డ రాఘవమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పసుపు బియ్యం సల్లి నా కొడుకు పనికే ఎసరు పెట్టినావు గదే!”

“గమ్మునుండు పెద్దమ్మా,” అంటూ జయరావు ఫ్యాను జాలీలో సన్నని పుల్ల పెట్టి కదిపాడు. పచ్చటి గింజలు టపటపా నేల మీద రాలాయి. అతను పగలబడి నవ్వాడు. “దీనికా ఇంత బయపడినావు! బియ్యం గింజలకు కంప్యూటరు సావదక్కా.”

నందినికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. “అయితే మా ఆయన పనికేం డోకా లేదు గదప్పా?”

“ఎందుకుంటాది? అట్నే లోపల గూడా దుమ్ము దులిపేస్తా,” అని స్క్రూలు విప్పి రేకు పైకి లేపాడు.

అతని నవ్వు ఆగిపోయింది. టార్చి వేసి లోపల ఆ మూలా ఈ మూలా చూశాడు.

“అక్కా, నిన్న గూడా సారు దీంట్లోనే పని చేసినాడా?”

“చేసినాడే! పొద్దున కూసుంటే సాయంత్రం దాకా టైపు కొడతానే ఉండె. మేం వింటానే ఉంటిమి.”

జయరావు పెట్టెను మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

లోపల ఫ్యాను తప్ప ఏమీ లేదు.