రెబెక్కమ్మ వరస

రెండుసార్లు మందు కొట్టినా విడవలూరు మడుల్లో ఊద గడ్డి చావలేదు. పైగా వరితో పోటీపడి పెరిగింది. ఇక చేత్తో పీకడమే దారి.

మధ్యాహ్నానికి రెబెక్కమ్మ నడుము పట్టేసింది. అయినా లేవలేదు. ఒకసారి లేస్తే మళ్ళీ వంగడం కష్టం.

"ఇంకెంత ఉండాదే?" పక్క వరసలో ఉన్న కోడలు రెజీనాను అడిగింది.

"ఇరవై బారలుంటాది అత్తా. కాసేపు గట్టెక్కు."

"వద్దులే."

అంతలో మోటారుసైకిల్ చప్పుడు. మడి ఆసామి గిరిబాబు వచ్చాడు. నిన్న తీయించిన చోట మళ్ళీ ఊద తలెత్తిందట. బండి దిగుతూనే కేకలు మొదలుపెట్టాడు.

"వయసు మళ్ళినోళ్ళను పెట్టుకుంటే ఇంతే! రెబెక్కమ్మా, నీ వరస చూస్తా. ఊద మిగిలుంటే రేపట్నుంచి రాబాక."

ఈ పని పోతే రెబెక్కమ్మను ఇంకెవరూ పిలవరు. పిడికిట్లో గడ్డితో అలాగే నిలబడిపోయింది.

గిరిబాబు మడిలో దిగాడు. పడుచువాళ్ళ వరసల్లో ఒకచోట నాలుగు ఊద మొక్కలు, ఇంకోచోట తొమ్మిది దొరికాయి. రెజీనా కూడా రెండు వదిలేసింది. రెబెక్కమ్మ వరస మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా గాలించినా ఒక్కటీ లేదు.

"ఊదా వరీ ఒకే మాదిరి ఉంటాయి గదా, ఎట్టా కనిపెడతావు?" అడిగాడు గిరిబాబు.

"ఊద ఆకు మొదలు నున్నగా ఉంటాది నాయనా. వరికి నూగుంటాది. నలభై ఏళ్ళుగా ఇదే పని గదా."

గిరిబాబు గొంతు మెత్తబడింది. "ఈ వయసులో నీకు వంగే పనేంది? రేపట్నుంచి గట్టు మీద నిలబడు. వీళ్ళు వదిలేసింది నువ్వు చూపించు, వీళ్ళే పీకతారు. కూలి నీకు అంతే ఇస్తా."

"అదృష్టమంటే నీదే అక్కా!" అన్నారు తోటి ఆడవాళ్ళు.

"వద్దు నాయనా. నన్నీ బురదలోనే ఉండనీ."

"మొహమాటపడబాక," అంటూ అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోడలి భుజం మీద చెయ్యి వేసుకుని ఇంటిదారి పట్టింది రెబెక్కమ్మ.

"ఇప్పుడేం చేద్దాం అత్తా?"

"ఏమోనే. అలిసిపోయినాను."

ఆరు నెలలుగా కళ్ళు బొత్తిగా కనబడని సంగతి కోడలికి తప్ప మరెవరికీ తెలియనివ్వని రెబెక్కమ్మ, రేపు పొద్దుటి నుంచి గట్టు మీద నిలబడి కలుపు చూడాలి.