ముందు వరుస కుర్చీ

ముందు వరుసలో, సరిగ్గా నడిమి కుర్చీలో, ఎవరో ముసలమ్మ కూర్చుని ఉంది.

ప్రొఫెసరుకు ఒళ్ళు మండింది.

పొద్దుటి నుంచి ఆయన సభ ఏర్పాట్లతో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. దొరలు పోయినా దొరల చూపు మన కళ్ళలోంచి పోలేదని ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్న మనిషి. ఆ పేరుకు ఈ రోజే పండగ.

ముసలమ్మ కాళ్ళకు చెప్పుల్లేవు. చీర కుచ్చెళ్ళ నిండా దుమ్ము. ఒళ్ళో ఏదో గుడ్డ మడత.

“ఎవరు కావాలమ్మా?”

“మా తాతని తీసుకుపోదామని వచ్చాను బాబూ.”

ప్రొఫెసరుకు నవ్వాగలేదు. ఆమెకే డెబ్భై దాటి ఉంటాయి.

“ఈవిడ తాత ఇంకా ఉన్నాడంటే మ్యూజియంలో పెట్టాల్సిందే,” అన్నాడు వాచ్‌మన్‌తో.

ఆసుపత్రి పక్క వీధిలో ఉందనీ, ఇది పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ అనీ, లెమ్మనీ చెప్పాడు.

“కాదు బాబూ, ఇక్కడికే తెస్తారని...”

ఆయన మాట పూర్తి కానివ్వలేదు. దగ్గరుండి బస్సెక్కించి రమ్మని వాచ్‌మన్‌కు అప్పజెప్పాడు. వాడు రెక్క పట్టుకుని లేపేసరికి ఆమె ఒళ్ళో గుడ్డ జారిపడింది. దాని కోసం వెనక్కి తిరగబోయింది. వాడు తిరగనివ్వలేదు.

ప్రొఫెసరు ఆ గుడ్డతోనే కుర్చీ శుభ్రంగా తుడిచి, మూలకు విసిరేశాడు.

సభ మొదలైంది. ప్రొఫెసరు మాటలకు హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఆ తర్వాత విదేశీ మ్యూజియం అధికారి ఒక చెక్కపెట్టెను బల్ల మీద పెట్టాడు.

అందులో ఉన్నది ఒక మనిషి తల. దొరలకు ఎదురు తిరిగినందుకు నరికి, ఓడలో తీసుకుపోయి అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. అది సొంతవాళ్ళకు చేరాలని ప్రొఫెసరు ఎక్కని గడప లేదు.

నడిమి కుర్చీ ఆ సొంతవాళ్ళది. స్టేషనుకు పంపిన కారు ఖాళీగా వచ్చింది. తలపాగాతో, వెంట నలుగురితో దిగే పెద్దమనిషి కోసం ప్రొఫెసరు గుమ్మం వైపే చూస్తున్నాడు.

“వారసులు రాకపోతే పెట్టె ఈ పూటే వెనక్కి వెళ్ళిపోతుంది. ఒప్పందం అదే కదా,” అన్నాడు అధికారి.

“దారిలో ఉండి ఉంటారు. కాసేపు ఆగండి.” ప్రొఫెసరు వాచీ చూసుకున్నాడు.

“పోల్చుకోవడం కష్టం కాదు,” అన్నాడు అధికారి. “వాళ్ళ ఊళ్ళో తమవాళ్ళు పోతే సొంత చేతులతో నేసిన గుడ్డలో చుట్టి తీసుకెళ్తారు. అంచున మూడు నీలం చారలుంటాయి. అలాంటి గుడ్డతో ఎవరూ రాలేదా?”

అప్పుడే తిరిగొచ్చిన వాచ్‌మన్ ప్రొఫెసరు చెవి దగ్గర వంగాడు.

“బస్సు ఊరు దాటి ఉంటుంది సార్. ఆవిడ ఇంక రాదు.”

ప్రొఫెసరుకు ఆ మాట వినిపించలేదు. మూలన, తాను కుర్చీ తుడిచి పారేసిన గుడ్డ అంచున, మూడు నీలం చారలు కనిపిస్తున్నాయి.