వంకర బాబాయ్ బొంత

"బాబాయ్‌గారూ, మళ్ళీ వంకర పోయింది!"

టీచరమ్మ బొంతను ఎత్తి కిటికీ వెలుతురులో పట్టుకుంది. సుద్దగీత తిన్నగానే ఉంది. దాని మీద వేసిన కుట్టు మాత్రం ఏనుగు బొమ్మ తొండం దాటి, అవతలి ముక్కలోకి దూరింది.

"విప్పేయమంటావా తల్లీ?" అన్నాడు పెద్దాయన.

"ఇంకేం చేస్తాం? విప్పండి."

చుట్టూ ఉన్న ఏడుగురూ కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు.

గ్రంథాలయం మేడమీద గదిలో ప్రతి బుధవారం సాయంత్రం జరిగే క్లాసు అది. పిల్లల ఆసుపత్రిలో నెలల తరబడి ఉండే పిల్లలకి అక్కడ చేత్తో బొంతలు కుట్టి ఇస్తారు. ఏ గుడ్డముక్కలు కావాలో ఆ పిల్లలే ఏరుకుంటారు. గదిలో ఉన్నవి ఎనిమిది కుర్చీలు. చేరతామనేవాళ్ళేమో బోలెడుమంది. అందుకని తలుపు మీదే రెండు షరతులు రాసిపెట్టారు. సూది పట్టడం రానివాళ్ళే చేరాలి. బొంత పూర్తయినవాళ్ళు తరువాతివాళ్ళకి కుర్చీ ఖాళీ చేయాలి.

అందరూ రెండు నెలల్లో బొంత ముగించి, ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళు. పెద్దాయన చేరి అయిదు నెలలైంది. ఇంకా మొదటి బొంతే, అదీ సగం కాలేదు. 'వంకర బాబాయ్' అని పేరు పడిపోయింది. ఒక్క కుట్టు వేయడానికి ఆయన పడే అవస్థ చూస్తే పగవాడికి కూడా జాలేస్తుంది. కళ్ళు చిట్లించి, పెదవి కొరుక్కుని, సూదిని అటు తిప్పి ఇటు తిప్పి గుచ్చేవాడు. సూదిలో దారం ఎక్కించడం ఒక్కటే ఆయనకి చక్కగా వచ్చు. చూపు ఆననివాళ్ళంతా సూదులు ఆయనకే ఇచ్చేవారు.

"దారం ఎక్కించడంలో నూటికి నూరు, కుట్టడంలో గుండుసున్నా," అనేది పక్కకుర్చీ ఆవిడ. రిటైరైన లెక్కల టీచరు. అలా అంటూనే తన డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి ఆయన ముందు పెట్టేది.

ఒకటి తిని, రెండోది రుమాల్లో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళేవాడు ఆయన. భార్య పోయి మూడేళ్ళు. పిల్లల్లేరు. మిగతా ఆరు రోజులూ ఆయన నోరు తెరిచేది పళ్ళు తోముకోవడానికీ, ముద్ద పెట్టుకోవడానికీ మాత్రమే. ఒకసారి ఎవరో రాంగు నంబరుకి ఫోన్ చేస్తే పది నిమిషాలు వదిలిపెట్టలేదు. ఆ రుమాల్లో బిస్కెట్టు శనివారం దాకా ఉండేది.

"ఇంట్లో సాధన చేస్తున్నారా అసలు?" టీచరమ్మ నిలదీసింది.

"ఒట్టు తల్లీ. రోజూ గంటసేపు."

"గంటసేపు చేసినా ఇంతేనా!"

ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఇది నాలుగో నంబరు మంచం పాపది బాబాయ్‌గారూ. రేపు పొద్దున్న తనని వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి మారుస్తున్నారట. నేను వెళ్ళినప్పుడల్లా 'నా ఏనుగులొచ్చాయా' అని అడుగుతుంది. ఇంకో బొంత ఇస్తానంటే వద్దంటుంది. ఏం చెప్పమంటారు? ఇలా ఇవ్వండి, మిషన్ మీద ఎలాగోలా లాగించేస్తాను."

పెద్దాయన చేతిలో సూది ఆగిపోయింది. పాప అడుగుతోందని ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"వద్దమ్మా. రేపు పొద్దున్నే నేనే తెచ్చిస్తాను."

"అయిదు నెలల్లో సగం కానిది ఒక్కపూటలో పూర్తవుతుందా? ఏ లెక్క ప్రకారమండీ?" అంది లెక్కల టీచరు. అందరూ మళ్ళీ నవ్వారు.

ఈసారి ఆయన నవ్వలేదు. బొంత మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడింటికల్లా గ్రంథాలయం మేడమెట్ల దగ్గరున్నాడు. ఎలాగైతేనేం, బొంత పూర్తయింది. ఇక కుర్చీ ఖాళీ చేయాల్సిందే. ఈ మెట్లెక్కడం ఇదే ఆఖరు అనుకున్నాడు. రెండుసార్లు మధ్యలో ఆగి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

బొంత కోసమే వచ్చి గది తెరిచిన టీచరమ్మ దాన్ని పరిచి చూసి నోరెళ్ళబెట్టింది. చీమలబారులా కుట్లు. ఒకటి పెద్దదీ కాదు, ఒకటి చిన్నదీ కాదు. తిరగేసి చూసింది. వెనకవైపు వెతికినా ఒక్క ముడి కనిపించలేదు.

"బాబాయ్‌గారూ, నిజం చెప్పండి. ఎవరిచేత కుట్టించారు?"

ఆయన నేలచూపులు చూశాడు.

"మా వీధిలో ఒక ముసలి టైలరున్నాడమ్మా. షాపు మూసేసి చాన్నాళ్ళైంది. కాళ్ళావేళ్ళా పడితే..."

"అనుకున్నాను!" ఆమెకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "పోనీలెండి, పాపకి ఏనుగులు అందుతాయి, అదే పదివేలు. కానీ ఇది మీ బొంత కింద లెక్క కాదు. కొత్త ముక్కలిస్తాను. బుధవారం వచ్చి మళ్ళీ మొదటి గీత నుంచి మొదలుపెట్టండి. మీ చేత్తో మీరు కుట్టేదాకా ఆ కుర్చీ మీదే."

"మళ్ళీ మొదటి నుంచా?" అన్నాడు నీరసంగా.

"మరి! ఇకమీదట గంట కాదు, రోజూ రెండు గంటలు సాధన చేయాలి."

"అలాగే తల్లీ," అని ముక్కలు చంకన పెట్టుకుని, గబగబా మెట్లు దిగాడు.

ఇంటికెళ్ళి, నలభై ఏళ్ళు తన టైలరింగు షాపుకి వేలాడిన బోర్డు వెనక కత్తెరను దాచేసి, టీచరమ్మ చెప్పినట్టే రెండు గంటలసేపు వంకరగా కుట్టడం సాధన చేశాడు.